కంప్యూటర్ సంరక్షణకు డబ్బు కట్టాలా?

కంప్యూటర్ నిదానించినప్పుడు దాన్ని మళ్ళీ చురుగ్గా చేస్తామని చెప్పి అమ్మే ప్రోగ్రాములను సంరక్షణ సాఫ్ట్‌వేర్ అంటారు. క్లీనర్, ట్యూనప్, ఆప్టిమైజర్, బూస్టర్... పేరు ఏది పెట్టినా లోపల చేసే పనులు ఇంచుమించు ఒకటే. పనికిరాని ఫైళ్ళు తుడవడం, రిజిస్ట్రీని సరిచేయడం, మెమరీ ఖాళీ చేయడం, డిస్కును సర్దడం, డ్రైవర్లను మార్చడం. వీటిలో చాలావాటికి ఉచితంగా దొరికే రూపం ఒకటి, ఏటా చందా కట్టి వాడే రూపం ఒకటి ఉంటాయి. అనేక ప్రోగ్రాముల్లో ఉచిత రూపం తప్పులు లెక్కపెట్టి చూపించడంతో ఆగిపోతుంది. వాటిని సరిచేసే మీట డబ్బు కట్టాకే పనిచేస్తుంది. ఆ డబ్బుకు తగిన ఫలితం వస్తుందా అన్నది తేలాలంటే ఈ పనుల్లో ఒక్కొక్కటి కంప్యూటర్ లోపల నిజంగా ఏం చేస్తుందో విడివిడిగా చూడాలి.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ లాంటి రైల్వే ఊళ్ళో ఈ ప్రోగ్రాములను నమ్మడానికి ఒక బలమైన కారణం ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే 19వ శతాబ్దం చివర ఇక్కడ జంక్షన్ కట్టి, వర్క్‌షాపు పెట్టినప్పుడు నేటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి తెలుగు కుటుంబాలు పనికోసం వచ్చాయి. నింపురా, మథురాకాటి, మలంచ, గోల్‌బజార్ చుట్టుపక్కల స్థిరపడ్డాయి.  ఈ కుటుంబాల్లో తాత, తండ్రి, కొడుకు వరసగా రైలుబళ్ళను బాగుచేస్తూ బతికినవాళ్ళున్నారు. రైలుపెట్టె బాగా నడుస్తున్నా సరే, గడువు వస్తే పీఓహెచ్‌కు, అంటే నియమిత కాలానికి చేసే పూర్తి మరమ్మతుకు, వర్క్‌షాపుకు పంపాల్సిందే. చక్రం అరుగుతుంది, బేరింగు అరుగుతుంది, బ్రేకు దిమ్మ అరుగుతుంది. చెడిపోయేదాకా ఆగితే ప్రాణాలు పోతాయి. ఆ బుద్ధితో పెరిగిన ఇంట్లో కంప్యూటర్ తెరమీద 'మీ యంత్రానికి సంరక్షణ గడువు దాటిపోయింది' అని కనిపిస్తే, ఆ మాటకు వెంటనే విలువ ఇస్తారు. ఆ నమ్మకంలో తప్పేమీ లేదు. అది కంప్యూటర్‌లో ఏ భాగానికి వర్తిస్తుంది, ఏ భాగానికి వర్తించదు అన్నదే చూసుకోవాలి. సాఫ్ట్‌వేర్‌కు అరుగుదల లేదు. పదేళ్ళ కింద రాసిన ప్రోగ్రాము ఈరోజు నడిపినా అదే వరసలో అవే ఆజ్ఞలు అమలవుతాయి. అరిగేవి వస్తువులు. ఫ్యాను, బ్యాటరీ, తిరిగే హార్డ్ డిస్కు, ప్రాసెసర్ మీద పూసిన ఉష్ణవాహక ముద్ద. వీటిలో ఏ ఒక్కదాన్నీ ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు.

అలాగని ఈ ప్రోగ్రాములు మొదటినుంచీ ఒట్టివే అనడం న్యాయం కాదు. పీటర్ నార్టన్ 1982లో ఐబీఎం పీసీల కోసం నార్టన్ యుటిలిటీస్ తెచ్చినప్పుడు అది నిజమైన కష్టం తీర్చింది. ఆ పీసీలను నడిపిన డాస్‌లో ఒక ఫైలు తుడిస్తే దాని పేరులో మొదటి అక్షరం మాత్రమే చెరిగిపోయేది. అది ఉన్న జాగా ఖాళీ అని పట్టికలో గుర్తు పడేది. లోపలి సమాచారం డిస్కు మీద అలాగే ఉండేది, దాన్ని తిరిగి అడిగే ఆజ్ఞ మాత్రం డాస్‌లో లేదు. నార్టన్ ప్రోగ్రాము ఆ పట్టికను చదివి, పోయిందనుకున్న ఫైలును వెనక్కి తెచ్చేది. తర్వాత డిస్కు తప్పులు దిద్దే భాగం, ముక్కలైన ఫైళ్ళను ఒకచోట చేర్చే భాగం వచ్చాయి. ఆ రోజుల్లో వాటికి పెట్టిన ప్రతి రూపాయీ సార్థకమే. 1990లో సిమాంటెక్ ఆ సంస్థను కొన్నది. 1993లో వచ్చిన ఎంఎస్ డాస్ 6లో డిస్కు సర్దే ప్రోగ్రాము సిమాంటెక్ నుంచి లైసెన్సు తీసుకుని మైక్రోసాఫ్టే చేర్చింది. అప్పటినుంచి విడిగా కొనాల్సిన పనులు ఒకటొకటిగా ఆపరేటింగ్ సిస్టమ్ లోపలికి చేరుతూ వచ్చాయి. నేటి విండోస్‌లో ఆ జాబితా దాదాపు పూర్తయింది. బయట అమ్మేవాళ్ళు మాత్రం పాత పేరుతోనే ఇంకా అమ్ముతున్నారు.

ముందుగా రిజిస్ట్రీ. ఈ ప్రోగ్రాముల ప్రకటనల్లో ఎక్కువగా వినిపించే మాట ఇదే. విండోస్‌కూ, అందులో ఎక్కించిన ప్రోగ్రాములకూ చెందిన అమరికలన్నీ దాచుకునే పెద్ద ఖాతా రిజిస్ట్రీ. 1995లో వచ్చిన విండోస్ 95తో అది పూర్తి రూపం దాల్చింది. అందులో పద్దులు లక్షల్లో ఉంటాయి. ఒక ప్రోగ్రామును తీసేసినా దాని పద్దులు కొన్ని అందులో మిగిలిపోవడం మామూలే. క్లీనర్ వాటిని వెతికి, '742 తప్పులు దొరికాయి' అన్నట్టు ఎర్ర అక్షరాల్లో చూపిస్తుంది. తప్పు అన్న మాటే ఇక్కడ సరికాదు. విండోస్‌కు ఏదైనా అమరిక కావాలంటే ఖాతా మొత్తం మొదటినుంచి చివరిదాకా చదవదు. పేరు, దారి పట్టుకుని నేరుగా ఆ పద్దు దగ్గరికే పోతుంది. ఎవరూ అడగని పద్దులు వెయ్యి ఉన్నా, లేకపోయినా ఆ వెతుకులాటకు పట్టే సమయంలో మనిషి కంటికి తెలిసే తేడా రాదు. స్థలం చూసినా అంతే. వెయ్యి పద్దులు తుడిస్తే మిగిలేది సెల్‌ఫోనులో తీసిన ఒక్క ఫొటో కంటే తక్కువ.

లాభం లేకపోతే పోయింది, నష్టం ఉండకూడదు కదా. ఇక్కడ నష్టం ఉంది. పనికిరానిదని క్లీనర్ ఊహించి తీసేసిన పద్దు వేరే ప్రోగ్రాముకు ప్రాణం కావచ్చు. రిజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని తాము సమర్థించడం లేదనీ, వాటివల్ల వచ్చిన చిక్కులు తీరకపోతే విండోస్‌ను మళ్ళీ ఎక్కించాల్సి రావచ్చనీ మైక్రోసాఫ్ట్ తన విధానంలో రాసిపెట్టింది. తెలుగు పెళ్ళిపత్రికలు, సంఘాల కరపత్రాలు కూర్చే డీటీపీ దుకాణాల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఆ దుకాణాల్లో పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు ఇప్పటికీ పనిలో ఉన్నాయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. చాలా ఏళ్ళుగా దాన్ని ఎవరూ కొత్త విండోస్‌కు తగ్గట్టు దిద్దలేదు. ఒకసారి ఎక్కించి కుదురుకున్నాక దాన్ని కదిలించకపోవడమే మేలు. అలాంటి యంత్రం మీద క్లీనర్ నడిపి, ఫాంటు అమరికలో, కీబోర్డు అమరికలో ఒక్క పద్దు పోయినా ముహూర్తాల కాలంలో దుకాణం మూతపడుతుంది. పేజ్‌మేకర్ ఎక్కించిన సీడీలు ఎక్కడున్నాయో, ఆ తాళం సంఖ్యలు ఎవరి దగ్గరున్నాయో వెతుక్కోవాలి.

తర్వాతది చెత్త ఫైళ్ళు. డిస్కు నిండిపోయే స్థితిలో ఉన్నప్పుడు తాత్కాలిక ఫైళ్ళు తీసేయడం మంచిదే. సిస్టమ్ డ్రైవులో పదో వంతైనా ఖాళీ ఉంటే విండోస్ అప్‌డేట్లు ఇబ్బంది లేకుండా ఎక్కుతాయి. ఈ పనికి విండోస్ 10లోనూ 11లోనూ స్టోరేజ్ సెన్స్ ఉంది. ఒకసారి ఆన్ చేసి పెడితే తనంతట తానే చూసుకుంటుంది. డబ్బు అక్కర్లేదు. అయితే బ్రౌజర్ దాచుకున్న ఫైళ్ళను రోజూ తుడిచే అలవాటు మాత్రం వేగాన్ని పెంచకపోగా తగ్గిస్తుంది. ఒకసారి చూసిన పేజీలోని బొమ్మలను మళ్ళీ నెట్‌నుంచి తెచ్చుకోకుండా ఉండటానికే బ్రౌజర్ వాటిని దాచుకుంటుంది. పదిగంటలకు ఏసీ తత్కాల్, పదకొండుకు స్లీపర్ తత్కాల్ తెరుచుకునే సమయానికి ముందు క్లీనర్ నడిపి సిద్ధంగా కూర్చునేవాళ్ళు, తెలియక తమ పనిని తామే ఆలస్యం చేసుకుంటున్నారు. ఆ నిమిషాల్లో తేడా తెచ్చేవి నెట్ కనెక్షను, రైల్వే సర్వర్ల మీద ఆ క్షణాన ఉన్న రద్దీ. క్లీనర్ చేతిలో ఆ రెండూ లేవు.

మెమరీ ఖాళీ చేస్తామన్న హామీ ఇంకా బలహీనమైనది. విండోస్ విస్టా కాలం నుంచి, అంటే 2007 నుంచి, వాడకంలో లేని మెమరీని విండోస్ ఊరికే ఉంచదు. తరచూ తెరిచే ప్రోగ్రాములను ముందే అందులోకి తెచ్చిపెట్టుకుంటుంది. ఎవరికైనా చోటు కావాలంటే వెంటనే ఇచ్చేస్తుంది. బూస్టర్ ఒక్క నొక్కుతో చేసేదల్లా నడుస్తున్న ప్రోగ్రాముల సమాచారాన్ని మెమరీలోంచి బలవంతంగా బయటికి తోసేయడం. తెరమీద అంకె తగ్గి కంటికి బాగానే ఉంటుంది. మరుక్షణం ఆ ప్రోగ్రాముకు తన సమాచారం మళ్ళీ కావాల్సి వస్తుంది. అప్పుడు దాన్ని డిస్కునుంచి తెచ్చుకోవాలి. మెమరీ నిజంగా చాలకపోతే మరో ర్యామ్ పలక కొని పెట్టడమే దారి.

పరికరాలను విండోస్‌తో కలిపే డ్రైవర్లను కొత్తవాటితో మార్చే ప్రోగ్రాములను పూర్తిగా దూరం పెట్టడం మేలు. ప్రింటరు, వైఫై, తెర సరిగా పనిచేస్తున్నప్పుడు వాటి డ్రైవర్ పాతదైనంత మాత్రాన మార్చాల్సిన పని లేదు. అవసరమైనవి విండోస్ అప్‌డేటే తెస్తుంది. లేదంటే తయారీదారు సైటులో దొరుకుతాయి.

డిస్కు సంగతి కొంచెం నిదానంగా చూడాలి. ఇళ్ళలో ఉన్న పాత ల్యాప్‌టాప్‌ల నిదానానికి అసలు కారణం చాలా చోట్ల ఇదే. నాలుగు జీబీ ర్యామ్, నిమిషానికి 5400 సార్లు తిరిగే హార్డ్ డిస్కు, విండోస్ 10 ఉన్న ల్యాప్‌టాప్‌ను తీసుకుందాం. స్విచ్చు వేశాక ఐదు నిమిషాలదాకా ఏది నొక్కినా పలకదు. అప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో మూడు గడులు చూడాలి. సీపీయూ గడిలో పది శాతమో పదిహేను శాతమో ఉంటుంది. మెమరీ గడిలో ఎనభై దాటుతుంది. డిస్కు గడి మాత్రం వంద శాతం దగ్గర ఎర్రగా నిలిచిపోతుంది. ప్రాసెసర్ పని లేక ఖాళీగా ఉంది, డిస్కు ఊపిరి తిరగకుండా తిరుగుతోంది అని దాని అర్థం. ఈ డిస్కు ఒక చుట్టు తిరగడానికి 11 మిల్లీ సెకన్లు పడుతుంది. చదివే ముల్లు సరైన చోటికి జరగడానికి మరికొంత సమయం కావాలి. అక్కడో ముక్క ఇక్కడో ముక్క చదవాల్సి వస్తే సెకనుకు వందసార్లు చదవడమే గగనం. విండోస్ మొదలయ్యేటప్పుడు ఇలాంటి ముక్కలు వేలల్లో చదవాలి. అదే చిప్పుల్లో సమాచారం దాచే ఎస్ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు. సెకనుకు వేలసార్లు, పదివేలసార్లు చదువుతుంది. ఈ తేడాను ఏ ట్యూనప్ ప్రోగ్రామూ పూడ్చలేదు. చందా కట్టే సాఫ్ట్‌వేర్‌కు రెండు మూడేళ్ళలో పెట్టే మొత్తం చాలాసార్లు ఒక చిన్న ఎస్ఎస్‌డీ ధరకు దగ్గరగా వస్తుంది. అందువల్ల గోల్‌బజార్‌లో అడిగినా, హౌరా లోకల్ ఎక్కి కలకత్తా చాందినీ చౌక్ వెళ్ళినా, ఆ డబ్బు పెట్టాల్సింది ఎస్ఎస్‌డీ మీదే.

ఎస్ఎస్‌డీ పెట్టాక డిస్కు సర్దే ప్రోగ్రాములతో పని తీరిపోతుంది. ముల్లు జరిగే పనే లేనప్పుడు ఫైలు ముక్కలు ఎక్కడున్నా ఒకటే. పైగా ఎస్ఎస్‌డీకి రాతల లెక్క పరిమితం, అనవసరంగా సర్దితే ఆ లెక్క తరుగుతుంది. విండోస్ 7 నుంచి ఎస్ఎస్‌డీని గుర్తించి, ఖాళీ అయిన గడుల సంగతి దానికి చెప్పే ట్రిమ్ పద్ధతి విండోస్‌లోనే ఉంది. పాత తిరిగే డిస్కులనైతే విండోస్ తన లెక్క ప్రకారం వారానికోసారి తానే సర్దుతుంది.

ఇక మిగిలింది, విండోస్‌తో పాటు మొదలయ్యే ప్రోగ్రాములు. ఇక్కడ మాత్రం క్లీనర్లు చెప్పేదాంట్లో నిజం ఉంది. ప్రింటరు కంపెనీ ప్రోగ్రాము, రెండు మూడు చాట్ ప్రోగ్రాములు, ఆటల దుకాణం, ఎప్పుడో ఎక్కించి మరిచిపోయిన టూల్‌బారు... ఇవన్నీ స్విచ్చు వేయగానే ఒక్కసారి లేస్తాయి. వీటిని ఆపడం వల్ల నిజంగా తేడా తెలుస్తుంది. కానీ 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ పట్టీ ఉంది. పేరు మీద కుడి మీట నొక్కి డిజేబుల్ అంటే సరి. అదే పనికి, వేరే రంగుల తెర తయారుచేసి, చందా అడుగుతున్నారు. కొనే ప్రోగ్రాముల్లో మెచ్చుకోదగ్గ భాగం చివరికి ఇదొక్కటే. అదీ అప్పటికే ఇంట్లో ఉన్నది.

ఈ సరుకు ఇన్నేళ్ళుగా అమ్ముడవుతున్నది భయం చూపించడం వల్ల. దీనికి పెద్ద రుజువు అమెరికాలో బయటపడింది. ఆఫీస్ డిపో అనే పెద్ద దుకాణాల సంస్థ, సపోర్ట్ డాట్ కామ్ అనే సంస్థ కలిసి పీసీ హెల్త్ చెక్ పేరుతో ఉచిత పరీక్ష పెట్టాయి. పరీక్షకు ముందు కొనుగోలుదారుణ్ని నాలుగు ప్రశ్నలు అడిగేవాళ్ళు. కంప్యూటర్ నిదానించిందా, వైరస్ హెచ్చరికలు వస్తున్నాయా, తరచూ ఆగిపోతోందా, ప్రకటనలు తోసుకొస్తున్నాయా? ఏ ఒక్కదానికి ఔనన్నా, లోపల ఏమున్నా లేకపోయినా, మాల్‌వేర్ లక్షణాలు దొరికాయని ఫలితం వచ్చేది. పరీక్షకూ ఆ ఫలితానికీ సంబంధమే లేదు. ఆపైన వందల డాలర్ల మరమ్మతు అమ్మేవాళ్ళు. ఇది 2009 నుంచి 2016 దాకా నడిచిందని ఆ దేశపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తన ఫిర్యాదులో పేర్కొంది. 2019లో రెండు సంస్థలూ కలిసి మూడున్నర కోట్ల డాలర్లు కట్టి కేసు ముగించుకున్నాయి. రెస్టోరో, రీఇమేజ్ అనే సైప్రస్ సంస్థల మీద కూడా ఇలాంటి కేసే వచ్చింది. విండోస్ హెచ్చరికల్లా కనిపించే తెరలు చూపించి మరమ్మతు అమ్మారన్నది ఆరోపణ. 2024లో అవి రెండు కోట్ల అరవై లక్షల డాలర్లకు ఒప్పుకున్నాయి.

మైక్రోసాఫ్ట్ కూడా చివరికి కలగజేసుకోక తప్పలేదు. ఉచితంగా పరీక్షించి, భయపెట్టే మాటలతో, అతిశయోక్తులతో పూర్తి రూపం కొనిపించే క్లీనర్లను 2018 మార్చి 1 నుంచి విండోస్ డిఫెండర్ అవాంఛిత సాఫ్ట్‌వేర్‌గా గుర్తించి తొలగించడం మొదలుపెట్టింది. మన దేశంలోనూ చట్టం స్పష్టంగానే ఉంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న 13 రకాల మోసపు అమ్మకపు పోకడలను నిషేధించింది. అందులో చివరిది సరిగ్గా ఇదే. లేని వైరస్ ఉందని నమ్మించి, దాన్ని తీసేస్తామని డబ్బు గుంజడం. చందాలోంచి బయటపడే దారి దొరక్కుండా చేయడం, గడువు అయిపోతోందని తప్పుడు తొందర పెట్టడం కూడా ఆ జాబితాలో ఉన్నాయి.

మంచి పేరున్న ప్రోగ్రామును ఎంచుకుంటే బెంగ లేదని అనుకోవడానికీ వీల్లేదు. లండన్‌కు చెందిన పిరిఫార్మ్ తయారుచేసిన సీక్లీనర్ ఈ రంగంలో అందరికంటే పేరున్నది. 2017 జులైలో ఆ సంస్థను అవాస్ట్ కొన్నది. అదే ఏడాది ఆగస్టు 15 నుంచి సెప్టెంబరు 12 దాకా సంస్థ సొంత సర్వరు నుంచి, సొంత డిజిటల్ సంతకంతో బయటికి వెళ్ళిన 5.33 కూర్పులో చొరబాటుదారులు పెట్టిన మాల్‌వేర్ ఉంది. ఆ కూర్పు దాదాపు 22 లక్షల 70 వేల కంప్యూటర్లలోకి చేరింది. సంరక్షణ ప్రోగ్రాముకు కంప్యూటర్ మీద సర్వాధికారాలూ ఇవ్వాలి. లేకపోతే అది పనిచేయదు. ఆ అధికారమే దాన్ని దాడి చేసేవాళ్ళకు విలువైన లక్ష్యంగా మారుస్తుంది. వాడేవాళ్ళ బ్రౌజింగ్ వివరాలు అమ్మిన కేసులో అదే అవాస్ట్‌ను 2024 ఫిబ్రవరిలో అమెరికా కమిషన్ కోటీ అరవై ఐదు లక్షల డాలర్లు కట్టమంది. కంప్యూటర్‌లో మరో సాఫ్ట్‌వేర్ ఎక్కించడమంటే మరొకరికి ఇంటి తాళం ఇవ్వడమే. ఆ మాట కొనే ముందే తలుచుకోవాలి.

అయితే వైరస్ సంగతేమిటి? విండోస్ 8 నుంచి డిఫెండర్ పూర్తి యాంటీవైరస్‌గా విండోస్‌లోనే వస్తోంది. ఇంటి వాడకానికి, అప్‌డేట్లు ఆపకుండా ఉంచితే, అది చాలు. ఇంకా అనుమానం ఉంటే భారత ప్రభుత్వపు సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2017 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైటు నుంచి శుభ్రం చేసే ప్రోగ్రాములు ఉచితంగా దింపుకోవచ్చు. అవి మన యాంటీవైరస్ సంస్థలతో కలిసి అందించేవే. ఇంత విలువైన సౌకర్యం గురించి దుకాణాల్లో ఎవరూ చెప్పకపోవడం విచారకరం. డబ్బు కట్టి కొనే యాంటీవైరస్‌తో పాటు ట్యూనప్ భాగం కూడా వస్తే, దాని కోసమని ఎక్కువ ధర ఉన్న రూపం ఎంచుకోవడం దండగ.

డబ్బు పెట్టడం సబబైన చోట్లు లేకపోలేదు. పదిమంది వాడే యంత్రాలు మొదటివి. కోచింగ్ సెంటరు ల్యాబులో, నెట్ సెంటరులో, బడిలో రోజూ ఎవరో ఒకరు ఏదో ఎక్కించి పోతారు. అక్కడ ఫరోనిక్స్ వారి డీప్ ఫ్రీజ్ లాంటి ప్రోగ్రాము కొంటే, స్విచ్చు ఆపి మళ్ళీ వేసిన ప్రతిసారీ యంత్రం ముందటి స్థితికి వచ్చేస్తుంది. ఇలాంటి పనికే మైక్రోసాఫ్ట్ ఒకప్పుడు స్టెడీస్టేట్ అని ఉచితంగా ఇచ్చేది, 2010 చివరితో ఆపేసింది. ఆ లోటు ఇంకా అలాగే ఉంది కాబట్టి ఈ ఖర్చు సమంజసం. ఇరవై ముప్ఫై కంప్యూటర్లున్న ఆఫీసు రెండోది. అన్నింటికీ ఒకచోట నుంచి అప్‌డేట్లు పంపే సాధనానికో, మనిషి వచ్చి చూసే వార్షిక నిర్వహణ ఒప్పందానికో (ఏఎంసీ) డబ్బు కట్టడం తప్పనిసరి. ఏఎంసీ కాగితం మీద ఏయే విడిభాగాలు కలిసి ఉన్నాయో, ఎన్ని గంటల్లో మనిషి వస్తాడో రాయించుకోవాలి.

మూడోది, ఇంటివాళ్ళకు కూడా వర్తించేది, బ్యాకప్. హార్డ్ డిస్కు పోయాక డేటా తిరిగి తెస్తామనే సేవలకు వేలల్లో అడుగుతారు, హామీ ఇవ్వరు. విదేశాల్లో ఉన్న పిల్లల పెళ్ళి ఫొటోలు, సర్వీసు రికార్డుల స్కాన్లు, పెన్షను ఉత్తర్వుల ప్రతులు ఒకే డిస్కులో ఉంచడం కంటే పెద్ద ప్రమాదం ఇంటి కంప్యూటర్‌కు మరొకటి లేదు. విడిగా ఒక ఎక్స్‌టర్నల్ డిస్కు కొని, విండోస్‌లోని ఫైల్ హిస్టరీని దానికి అమర్చాలి. క్లౌడులో చోటు కొనుక్కున్నా మంచి ఖర్చే. డిస్కు ఆరోగ్యం తెలియాలంటే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో ఉచితం. అందులో రీఎలొకేటెడ్ సెక్టర్లు, పెండింగ్ సెక్టర్లు అన్న వరసల్లో అంకెలు పెరుగుతూ పోతుంటే డిస్కు మార్చే సమయం వచ్చినట్టే. ఎర్ర అక్షరాల్లో చూపించే 742 తప్పుల కంటే ఈ రెండు వరసలే విలువైనవి.

వస్తువుల సంరక్షణకు ఖరగ్‌పూర్‌లో ప్రత్యేకంగా చెప్పాల్సినవి రెండున్నాయి. ఇక్కడిది ఎర్రని కంకర నేల. వేసవిలో ఆ సన్న దుమ్ము ల్యాప్‌టాప్ ఫ్యాను రెక్కల్లో, వేడి పోయే జాలీలో పొరగా పేరుకుంటుంది. వేడి బయటికి పోకపోతే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. వీడియో కాల్ మొదలైన పది నిమిషాలకు బొమ్మ ఆగిఆగి వస్తుంటే, ఫ్యాను హోరెత్తుతుంటే, కారణం ఇదే కావచ్చు. తెరిచి దుమ్ము తీసి, ప్రాసెసర్ మీద కొత్త ముద్ద పూయించడం అసలైన సంరక్షణ. దుకాణంలో ఈ పనికి అయ్యే ఖర్చు చందా డబ్బు కంటే సాధారణంగా తక్కువే. రెండోది ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట విరుచుకుపడే కాలబైశాఖి గాలివానలు. పిడుగుల వేళ ప్లగ్గు తీసేయడం, డెస్క్‌టాప్‌కు యూపీఎస్ పెట్టడం, సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడటం మదర్‌బోర్డును కాపాడతాయి.

విండోస్ 10 వాడుతున్న పాత యంత్రాల గురించి ఒక విషయం తప్పక చెప్పాలి. 2025 అక్టోబరు 14తో దానికి మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. ఆ తర్వాత ఏడాది పాటు పొడిగించిన అప్‌డేట్ల కోసం మైక్రోసాఫ్ట్ 30 డాలర్ల పథకం పెట్టింది. సెట్టింగులను మైక్రోసాఫ్ట్ ఖాతాతో సింక్ చేసుకునేవాళ్ళకు ఆ డబ్బు కూడా కట్టకుండా చేరే వీలు కల్పించింది. విండోస్ 11కు టీపీఎం 2.0 చిప్పు, దాదాపు ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్ లేదా అంతకంటే కొత్తది కావాలి. అవి లేని యంత్రానికి సంరక్షణ సాఫ్ట్‌వేర్ కొనడం వల్ల భద్రత తిరిగి రాదు. బ్రౌజింగ్, ఈమెయిల్, పిల్లల చదువు వరకే వాడుకుంటే విండోస్ బదులు ఉబుంటు గానీ, ప్రభుత్వ సంస్థ సీ-డాక్ భారతీయ భాషల కోసం తయారుచేసిన బాస్ గానీ ఎక్కించుకోవచ్చు. రెండూ ఉచితమే. పేజ్‌మేకర్‌తో పని ఉన్న యంత్రానికి మాత్రం ఇది పరిష్కారం కాదు. దాన్ని నెట్ తీగ నుంచి విడదీసి, ఆ పనికి మాత్రమే ఉంచుకోవడం మంచిది.

అప్పటికే చందా కట్టినవాళ్ళు ముందుగా చూడాల్సింది ఆటో రెన్యూవల్. మొదటి ఏడాది తగ్గింపు ధర చూపించి రెండో ఏడాది పూర్తి ధర కార్డులోంచి లాగడం ఈ వ్యాపారంలో సర్వసాధారణం. రిజర్వు బ్యాంకు 2021 అక్టోబరు నుంచి అమలుచేస్తున్న నిబంధన ప్రకారం, మన దేశంలో తీసుకున్న కార్డు నుంచి ఇలాంటి మొత్తం లాగడానికి కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు సందేశం రావాలి. ఆ సందేశంలోంచే దాన్ని ఆపే వీలూ ఉండాలి. బ్యాంకు యాప్‌లో మాండేట్ల జాబితా తెరిచి అక్కర్లేనిది రద్దు చేయవచ్చు. ప్రోగ్రామును కంప్యూటర్‌లోంచి తీసేసినంత మాత్రాన చందా ఆగదు. కంపెనీ సైటులో ఖాతా తెరిచి రద్దు చేయాలి, రద్దయిందన్న ఈమెయిల్ దాచుకోవాలి. లేని తప్పులు చూపించి అమ్మారనిపిస్తే ఆ తెరను ఫొటో తీసి, డబ్బు కట్టిన రసీదుతో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. తెరమీద నంబరు చూపించి ఫోను చేయమన్నా, మైక్రోసాఫ్ట్ నుంచి అంటూ ఎవరైనా ఫోను చేసి కంప్యూటర్‌లోకి దూర ప్రవేశం అడిగినా అది మోసమే. ఇలాంటి కాల్ సెంటర్ల మీద మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఇచ్చిన ఫిర్యాదులతో సీబీఐ 2023 అక్టోబరులో ఆపరేషన్ చక్ర-2 పేరుతో దేశంలో అనేక చోట్ల సోదాలు చేసింది. డబ్బు పోయిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోను చేస్తే, అవతలి ఖాతాలో అది ఇంకా ఉన్నంతవరకు ఆపించే అవకాశం ఉంటుంది.